ముల్లు నడిమికొచ్చింది

బండి ఆపి తాళం తిప్పేలోపే మేస్త్రిగారు ముందు ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. బానెట్ ఎత్తమనలేదు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగలేదు. అరచెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపును చక్రం ఊచల దగ్గరికి తీసుకెళ్లి, తాకీ తాకకుండా ఒక్క క్షణం ఆపారు. లేచి బండి చుట్టూ తిరిగి మిగతా మూడు చక్రాలకూ అదే చేశారు. మళ్లీ మొదటిదాని దగ్గరికే వచ్చారు.

"ఇట్రండి బాబూ. మీరూ పెట్టండి చెయ్యి."

పెట్టాను. దోసె పోసేముందు పెనం మీద చెయ్యి ఆడిస్తే తగిలే సెగ. మిగతా మూడూ గోరువెచ్చగా ఉన్నాయి, అంతే.

"పెట్రోలు ఇంజన్లోనే కాలుద్ది అనుకుంటారు అందరూ. మీది ఇక్కడ కూడా కాలుతోంది."

మే నెల, ఉదయం ఎనిమిదిన్నర, విజయవాడ ఆటోనగర్. పక్క షెడ్డులో లారీకి కొత్త బాడీ కడుతున్నారు. రేకు మీద సుత్తి దెబ్బలు ఆగి ఆగి పడుతున్నాయి. ఎదురుగా వెల్డింగ్ నీలి వెలుగు. నేల మీద ఏళ్ల తరబడి పీల్చిన ఆయిలు నల్లటి చాపలా పరుచుకుని ఉంది. మీరు నా పక్కన నిలబడి ఉంటే ముందు ముక్కుకు తగిలేది పెయింటు వాసన, ఆ వెనకే పక్క కొట్లో మరుగుతున్న టీ వాసన.

నా బండి 2002 నాటి హోండా సిటీ వీటెక్. 1.5 లీటర్ల ఇంజను, 106 గుర్రాల బలం. ఆ రోజుల్లో మన రోడ్ల మీద ఆ ధరలో అంత చురుకైన సెడాన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. 2003 చివర్లో దాని స్థానంలో వచ్చిన కొత్త సిటీకి 77 గుర్రాలే. సిలిండరుకు రెండేసి ప్లగ్గులు పెట్టి, మైలేజీయే ముఖ్యమని తీర్చిన ఇంజను అది. కొత్తది కొన్నవాళ్లు బంకు దగ్గర సంతోషించారు. పాతది నడిపిన మాలాంటి వాళ్లం రోడ్డు మీద సంతోషించాం, బంకు దగ్గర మాత్రం మాట్లాడకుండా డబ్బులిచ్చాం. ఎవరు కనపడినా ఒకటే ప్రశ్న: "ఎంతిస్తుందండీ?" గత నెల సూర్యాపేట వెళ్లొచ్చినప్పుడు నా నోటుబుక్కులో పడ్డ అంకె 10.7. ఊళ్లో తిరిగితే ఎనిమిది. హైవే మీద కూడా పదకొండు దాటని బండిని చూసి ఇంట్లోవాళ్లు అమ్మేయమన్నారు. స్పోర్ట్స్ బండి కదా, తాగుద్దిలే అని నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఆ సర్దుబాటు ఎంత తప్పో ఆ సెగ తగిలాక అర్థం కావడం మొదలైంది. బండి తాగుతున్నది చురుకుదనం వల్ల కాదు, జబ్బు వల్ల.

జాకీ ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పారు. పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. బ్రేకు కాలిపర్ జారాల్సిన రెండు పిన్నులూ గ్రీజు ఎండిపోయి పట్టేశాయి. పెడల్ వదిలేశాక కూడా ప్యాడ్లు డిస్కును రాస్తూనే ఉన్నాయి. అంటే ఇన్నాళ్లూ నేను సగం బ్రేకు తొక్కి బండి నడుపుతున్నట్టే. కుర్రాడు పిన్నులు తీసి, తుప్పు గీకి, బ్రేకులకు వాడే గ్రీజు రాసి, చిరిగిన రబ్బరు తొడుగులు మార్చాడు. ఈసారి చక్రం వేలితో తోస్తే రెండు చుట్లు తిరిగింది.

"ఇప్పుడు స్టార్ట్ చేసి ముల్లు చూడండి," అన్నారు మేస్త్రిగారు.

వేడి చూపించే ముల్లు. ఇంటి దగ్గర్నుంచి పదికిలోమీటర్లు వచ్చాను, ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. అయినా ముల్లు కింది గీతకు కాస్త పైన, మగతగా పడుకుని ఉంది. రెండు వేసవుల్నుంచి అది అక్కడే ఉంది. బెజవాడ ఎండల్లో ఇంజను వేడెక్కకపోవడం అదృష్టం అనుకున్నాను నేను. మేస్త్రిగారు తల అడ్డంగా ఊపారు.

ఇంజను చల్లారనిచ్చి, రేడియేటర్ గొట్టం ఇంజనుకు తగిలేచోట రెండు బోల్టులు విప్పారు. పచ్చగా ఉండాల్సిన కూలెంటు బదులు తుప్పు రంగు నీళ్లు తట్టలోకి కారాయి. ఆయన మూత తీసి లోపలికి వేలు పెట్టి చూపించారు. ఖాళీ. అక్కడ ఒక చిన్న ఇత్తడి వాల్వు ఉండాలి, దాన్నే థర్మోస్టాట్ అంటారు. రెండేళ్ల కింద నీళ్ల పంపు మార్పించిన చోట ఎవరో దాన్ని తీసేశారు. నా మేలు కోరే తీసి ఉంటారు; మన దగ్గర చాలా షెడ్లలో అదొక అలవాటు. వాల్వు లేకపోతే నీళ్లు ఆగకుండా తిరుగుతాయి, బండి వేడెక్కి రోడ్డు మీద ఆగిపోదు. ఆ మాట నిజమే. ఆ పక్కనున్న నిజం ఎవరూ చెప్పరు.

చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. కొంత సిలిండర్ గోడలకే అంటుకుంటుంది. అందుకే కంప్యూటరు ఇంజను వేడెక్కేదాకా అదనంగా పెట్రోలు పోస్తుంది. నాన్నగారి పాత ఫియట్‌లో పొద్దున్నే చోక్ లాగి, వీధి చివర దాటాక లోపలికి తోసేవారు. ఆ పనే ఇప్పుడు కంప్యూటరు చేస్తుంది. నా బండికి చోక్ లోపలికి తోసే వేళ రెండేళ్లుగా రానేలేదు. ఆయిలు కూడా వేడెక్కక చిక్కగానే ఉండి ఇంజను కాళ్లకు అడ్డుపడింది.

కొత్త వాల్వు తెప్పించాక మేస్త్రిగారు చేసిన పని నాకిష్టమైంది. దాన్ని తిన్నగా బిగించెయ్యలేదు. టీ కొట్టాయన్ని అడిగి ఒక గిన్నెలో నీళ్లు స్టవ్ మీద పెట్టించారు. వాల్వును దారానికి కట్టి నీళ్లలో వేలాడదీశారు, పక్కన థర్మామీటరు. మేం ముగ్గురం, టీ కోసం వచ్చిన లారీ డ్రైవరొకాయన, అంతా గిన్నెలోకి వంగి చూశాం. 60. 70. వాల్వు నోరు మూసుకునే ఉంది. 78 దాటాక సన్నని గీతలా తెరుచుకుంది. నీళ్లు తెర్లే వేళకు పూర్తిగా నోరు తెరిచింది.

"అదీ," అన్నారాయన. "ఎప్పుడు ముయ్యాలో, ఎప్పుడు తెరవాలో దానికి తెలుసు. పీకేసినోడికే తెల్లేదు."

మధ్యాహ్నానికి ముల్లు నడిమికి వచ్చి నిలబడింది. ఇంజను చప్పుడే మారింది. ఇప్పుడు ఒక అబద్ధం బయటపడే వేళ.

సైలెన్సర్ గొట్టం లోపలి అంచు వేలితో తుడిస్తే మసి. ప్లగ్గులు విప్పితే నాలుగూ నల్లగా, కాటుక పూసినట్టు. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ వైరుకు మల్టీమీటర్ తగిలించి నన్ను సీట్లో కూర్చోబెట్టారు. "రేస్ ఇచ్చి పట్టుకోండి." మంచి సెన్సారైతే అంకె 0.1 వోల్టుకూ 0.9 వోల్టుకూ మధ్య కుదురు లేకుండా ఊగాలి. పెట్రోలు ఎక్కువైతే పైకి, తక్కువైతే కిందికి. ఆ ఊగుడు చూసే కంప్యూటరు తర్వాతి చుక్క కొలుస్తుంది. మాది 0.2 దగ్గర కూర్చుని కదల్లేదు. అంటే అది పొద్దస్తమానం "పెట్రోలు చాల్లేదు, చాల్లేదు" అని చెబుతోంది, కంప్యూటరు నమ్మి పోస్తోంది. కడుపు నిండిన పిల్లాడు ఆకలని ఏడిస్తే అమ్మ ఇంకో ముద్ద పెట్టినట్టు. కొత్త సెన్సారు పెట్టాక మీటరులో అంకెలు కుదురుగా ఉండవే, ఆ కుదురులేనితనం చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను.

మిగతావి చకచకా అయిపోయాయి. కొత్త ప్లగ్గులు, 1.1 మిల్లీమీటర్ల సందు. టైమింగ్ లైటు పెట్టి చూస్తే ఇగ్నిషన్ కొద్దిగా వెనక్కి జరిగి ఉంది. డిస్ట్రిబ్యూటర్ వదులు చేసి వెంట్రుకవాసి తిప్పి సరిచేశారు. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ బాగానే ఉంది కాబట్టి, పాత బండి అని ఎవరో పోస్తూ వచ్చిన 20డబ్ల్యూ-50 చిక్కటి ఆయిలు తీసి 10డబ్ల్యూ-30 పోశాం. పెళుసెక్కిన పెట్రోలు గొట్టాలు మార్చాం. నా ముందు యజమాని బిగించిన, బుస్సుమనే శంకువు ఆకారపు ఎయిర్ ఫిల్టర్ పీకి, కంపెనీ డబ్బా తిరిగి పెట్టాం. ఆ పాత ఫిల్టర్ ఇంజను పక్కనున్న వేడి గాలి పీలుస్తోంది. ఈ మార్పు వల్ల మైలేజీ పెరుగుతుందని మేస్త్రిగారి నమ్మకం. నాకంత నమ్మకం లేదు. ఇంజెక్షన్ బండిలో ఫిల్టర్ పూడుకుపోతే తగ్గేది పికప్పే, కంప్యూటరు గాలికి తగ్గట్టే పెట్రోలు కొలుస్తుంది. శబ్దం పోయినందుకు మాత్రం నేను సంతోషించాను.

డిక్కీలోంచి పాత సబ్‌వూఫర్ పెట్టె ఇద్దరం పట్టుకుని దించాం. వెడల్పాటి అల్లాయ్ చక్రాలు తీసేసి, ఆటోనగర్ సెకండ్‌హ్యాండ్ వరసలో వెతికి కంపెనీ సైజు చక్రాలు కొన్నాను. అప్పుడొక సంగతి తేలింది. పాత టైర్లు చుట్టుకొలతలో పెద్దవి. బండి నిజంగా వంద కిలోమీటర్లు నడిస్తే ఓడోమీటర్ 97 చూపించేది. అంటే నా నోటుబుక్కులోని అంకెలన్నీ నూటికి మూడు తక్కువ పడ్డాయి. గత నెల 10.7 నిజానికి 11. ఇన్నేళ్లూ బండిని తిట్టాల్సినదానికంటే కొంచెం ఎక్కువే తిట్టాను.

సాయంత్రం అయిదింటికి షెడ్డు కుర్రాడు నెమ్మదిగా అడిగాడు: "సార్, వీటెక్ వైరు పీకేద్దామా? మైలేజీ వస్తది."

మేస్త్రిగారు నా వైపు చూశారు. నేనే చెప్పాను వాడికి. వీటెక్ పుట్టింది 1989లో, ఇంటెగ్రా కారులో. క్యామ్ షాఫ్ట్ మీద మామూలు మెట్టల పక్కనే ఇంకొక ఎత్తయిన మెట్ట ఉంటుంది. ఇంజను బాగా వేగం అందుకున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఒక పిన్నును తోసి ఆ ఎత్తు మెట్టను పట్టిస్తుంది. అంతవరకూ ఇంజను పొదుపైన మెట్టల మీదే నడుస్తుంది. మామూలుగా నడిపేటప్పుడు ఆ వైరు పని చేయనే చేయదు. ఉన్న ఒక్క సరదా తీసేస్తే మిగిలేది బరువే. వాడు తలూపి పానాలు తుడవడం మొదలుపెట్టాడు. పక్క కొట్టు నుంచి ఒకాయన పెట్రోలు గొట్టానికి తొడిగే అయస్కాంతం తెచ్చి చూపించాడు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరీక్షించింది. నమ్మదగ్గ లాభం చూపినవి దాదాపు లేవు. దండం పెట్టి పంపించాను.

*

మర్నాడు తెల్లవారుజామున అయిదు. రండి, ఎడమవైపు సీటు మీదే. బయల్దేరేముందు చక్రాలు చల్లగా ఉండగానే గాలి చూశాను. తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నదానికి రెండు పాయింట్లు ఎక్కువ పెట్టాను. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఎడమపక్క కృష్ణ ఇంకా మసక మసకగా ఉంది, కుడిపక్క ఇంద్రకీలాద్రి మీద దీపాలు. గొల్లపూడి బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించాను. గన్ను టక్‌మని మొదటిసారి ఆగగానే ఆపమన్నాను. పిల్లాడు రౌండ్ ఫిగర్ చేస్తానన్నాడు, వద్దన్నాను. సూర్యాపేట దాకా వెళ్లి తిరిగొచ్చి ఇదే గన్నుతో మళ్లీ నింపాలి. సగం దారిలో ఇంకో చోట నింపితే అర లీటరు అటూ ఇటూ అయినా లెక్క చెడిపోతుంది. ఓడోమీటర్ అంకె నోటుబుక్కులో రాసి ట్రిప్ సున్నా చేశాను.

మొదటి గేరు. నా కాలు చూడండి. మెల్లగా, పావు పెడల్ మీద, ఇంజనును మూలిగిస్తూ పోతే మైలేజీ వస్తుందని చాలామంది అనుకుంటారు. నేను సగం దాకా తొక్కి, 2,500 రాగానే గేరు మారుస్తున్నాను. 60 దాటేసరికి అయిదో గేరు. ఎందుకంటే పెడల్ తక్కువ తొక్కినప్పుడు గాలి దారిలోని రేకు దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజను ఆ సందులోంచి గాలి పీల్చుకోవడానికే శక్తి ఖర్చు పెడుతుంది. చెరుకురసం స్ట్రాను వేలితో సగం నొక్కి పీల్చి చూడండి, దవడలు చెబుతాయి. దారి తెరిచి, ఇంజను చుట్లు తగ్గించి నడిపితే అది తేలిగ్గా ఊపిరి తీసుకుంటుంది.

ఇబ్రహీంపట్నం దాటాం. ఎనభై. ఇక్కణ్నుంచి నేను చేయబోయేది పెద్దగా ఏమీ లేదు. ఈ ఎనభైని కదలనివ్వకపోవడమే. ఈ బండి అయిదో గేరు పొట్టిది, వంద మీద ఇంజను మూడు వేలకు దగ్గరగా అరుస్తుంది. దాన్ని మించింది గాలి. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. ఎనభై మీద ఉన్న అడ్డు నూట పది మీద దాదాపు రెట్టింపు. గత నెల నేను ఈ దారిలో నూట పది మీదే పోయాను. అద్దంలో ఒక పెద్ద బండి లైట్లు కొడుతోంది. పోనివ్వండి. ముందు లారీ నీడలో దూరి గాలి తప్పించుకోవచ్చు అంటారు కొందరు. దాని బ్రేకు లైట్లు వెలిగిన క్షణానికి మన ప్రాణం దాని బంపర్ కింద ఉంటుంది. ఆ పొదుపు నాకొద్దు.

కంచికచర్ల, నందిగామ. తూర్పున ఎర్రబడింది. చిల్లకల్లు టోల్ ప్లాజా బోర్డు కనపడగానే, ఇంకా అరకిలోమీటరు ఉండగానే, కాలు తీసేశాను. గేరులోనే ఉంచాను. నాన్నగారైతే ఇక్కడ న్యూట్రల్ కొట్టేవారు. కార్బ్యురేటర్ రోజుల్లో అదే తెలివి. ఇంజెక్షన్ బండిలో గేరులో ఉండి కాలు తీస్తే కంప్యూటరు పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్ కొడితే ఇంజను ఆగకుండా ఉండటానికి పెట్రోలు పోయక తప్పదు, బ్రేకుల మీద భారం వేరే. వినండి, ఈ అరకిలోమీటరులో ఇంజను తిరుగుతూనే ఉంది, ఒక్క చుక్క కూడా పడటం లేదు. నేనీ సంగతి తెలుసుకుని నాన్నగారికి చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు.

గరికపాడు దాటి తెలంగాణలోకి వచ్చాం. ఇక్కడ లీటరు రెండు రూపాయల దాకా తక్కువ, అందరూ కోదాడలో ఆగి నింపుకుంటారు. మనం ఆగం. ఎక్కడ కొట్టించినా ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలిసే వస్తుంది, నూటికి ఇరవై వంతులు. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండొంతులే. ఇథనాల్ లెక్కలో పుట్టని, పది శాతానికి సర్దుకున్న కార్లకు ఇరవై శాతంతో మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. షెడ్డులో గొట్టాలు మార్చింది దాని కోసమే. ఇథనాల్ పాత రబ్బరును తింటుంది. సెన్సారు సరిగా ఉంటే ఆ తేడా పసిగట్టి తగినంతే పోస్తుంది. పాత బండ్లను ప్రేమించి పెంచుకునేవాళ్ల కోసం బంకుకొక గొట్టమైనా పాత పెట్రోలుకు మిగిలితే బాగుండునని నా మనసులో ఎప్పుడూ ఉంటుంది.

సూర్యాపేట బయట ఇడ్లీ. దిగగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తిరగేసి చూశాను. ముందు రెండూ ఒకే వెచ్చదనం, వెనక రెండూ ఒకే వెచ్చదనం. హోటలు పిల్లాడు వింతగా చూశాడు.

తిరుగు దారిలో, మునగాల దాటాక, రోడ్డు తిన్నగా, ముందూ వెనకా ఎవరూ లేరు. మీరు గమనించారు, నేనూ గమనించాను. ఆరు నెలలుగా ఆ చప్పుడు వినలేదు. మూడో గేరుకు దించి పెడల్ నేలకు తొక్కాను. నాలుగు వేలు, అయిదు వేలు. ఇంజను గొంతు ఒక్కసారి మారింది, ఎత్తు మెట్టలు పట్టుకున్నాయి, వీపు సీటుకు అంటుకుంది. వంద రాగానే వదిలేశాను. కొన్ని సెకన్లే. ఆ బలంతో పది సెకన్లు నడిస్తే ఈ ఇంజను తాగేది దాదాపు తొంభై మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసుడు. ఆ టీ నాకు కావాలి. దాని కోసమే కదా ఈ బండి. మళ్లీ అయిదో గేరు, మళ్లీ ఎనభై.

గొల్లపూడిలో అదే బంకు, అదే గన్ను, అదే పిల్లాడు. టక్. 16.6 లీటర్లు. ట్రిప్ 250 కిలోమీటర్లు. బానెట్ మీద నోటుబుక్కు పెట్టి రెండుసార్లు భాగించాను: 15. గత నెల ఇదే దారికి ఇరవై రెండు లీటర్లకు పైగా పట్టింది. ఇందులో షెడ్డుది ఎంత, నా కాలిది ఎంత అన్నది ఊళ్లో తిరిగే ట్యాంకు చెబుతుంది. అక్కడ ఎనభై మీద పోయే వీల్లేదు కాబట్టి ఆ అంకె చాలావరకు మేస్త్రిగారిదే.

ఆయనకు ఫోన్ చేశాను. వెనక నుంచి రేకు మీద సుత్తి దెబ్బలు.

"వెళ్లొచ్చేశానండీ."

ఎంతిచ్చిందని అడుగుతారనుకున్నాను.

"ముల్లు ఎక్కడుంది?"

"నడిమినే ఉందండి. పోతూ, వస్తూ."

"టోల్ దగ్గర ఆగినప్పుడు?"

"అప్పుడూ కదల్లేదు."

"సరే అయితే. ఆదివారం ఒకసారి తీసుకురండి, వెనక డ్రమ్ములు కూడా విప్పి చూద్దాం."